అందరి దరఖాస్తుల్లో ఒకే నంబరు

ఒక పెద్ద అడవి, దానికి తగ్గంత పెద్ద విశ్వవిద్యాలయం. వీసీ ఏనుగు. ఆయనకి మెయిల్ వస్తే రిజిస్ట్రారు నక్క ప్రింటు తీసి ముందు పెట్టాలి. ఆయన దాని మీద ‘చూశాను’ అని రాసి సంతకం చేస్తే, నక్క దాన్ని స్కాన్ చేసి మళ్లీ మెయిల్లో పంపాలి.

అలాంటి ఏనుగు ఓ రోజు సభలో లేచి, “కంప్యూటరు రాని జంతువుకి ఇకమీదట సీటు లేదు. ఎవరి దరఖాస్తు వాళ్లే కంప్యూటర్లో నింపాలి. అదే ప్రవేశ పరీక్ష,” అన్నాడు.

సభలో ఒక్కరికీ కంప్యూటరు రాదు. ఆ సంగతి బయటపడుతుందేమోనని అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడే నక్క గేటు పక్కన తన బావమరిది చేత నెట్ సెంటరు పెట్టించాడు. బావమరిది కోతి, పేరు పైడయ్య. నక్కకి కోతి బావమరిది ఎలా అయ్యాడని ఎవరూ అడగలేదు. రిజిస్ట్రారుకి ఎవరైనా బావమరిదే.

లేళ్లు, పందులు, కుందేళ్లు నెట్ సెంటరు ముందు వరస కట్టాయి. ముంగిస నూకాలు మాత్రం కట్టలేదు. పాముకాటుకి విరుగుడు వేరు వాసనతో పట్టేసే పిల్ల అది. పోయిన వానల్లో మోతాదు తెలీక తమ్ముణ్ణి పోగొట్టుకుంది. దానికి కావలసింది వైద్యం సీటొక్కటే.

“రావే నూకాలూ, అయిదు నిమిషాల పని,” అన్నాడు పైడయ్య.

“ఎవరిది వాళ్లే నింపాలన్నారుగా మావా?”

“అనడం వాళ్ల పని. నింపడం నా పని.”

“నేను నేర్చుకుంటాను.”

“ఓయ్, విన్నారా? ఇది నేర్చుకుంటుందట!”

వరసంతా పళ్లికిలించింది.

నూకాలు లైబ్రరీలో బూజు పట్టిన కంప్యూటరు ముందు తొమ్మిది రోజులు కూర్చుంది. గోళ్లు తగిలి మీటలు రెండు ఊడాయి. పదో రోజున ఫారం వెళ్లింది.

సీట్లు ప్రకటించారు. ఖాయం చేసుకోవాలంటే ఫోన్‌కొచ్చిన ఓటీపీ కొట్టాలి. నూకాలు ఫోనొక్కటే మోగింది. మిగతా నాలుగు వందల మందివీ మోగలేదు, ఎందుకంటే పైడయ్య అందరి ఫారాల్లోనూ తన నంబరే వేశాడు.

నక్క పరుగెత్తుకొచ్చాడు. “ఒరేయ్, ఆ ఓటీపీలు చెప్పరా!”

“చెప్తా బావా. ముందు నన్ను రిజిస్ట్రారుని చెయ్యి.”

“ఆ కుర్చీ నాదిరా!”

“నీ పదవి పొడిగింపు ఫారం నింపింది ఎవరు? అందులో నంబరు ఎవరిది?”

సాయంత్రానికి నక్క గేటు బయట ఉన్నాడు. పైడయ్య కుర్చీలో ఉన్నాడు. కూర్చోగానే నాలుగు వందల సీట్లూ ఖాయం చేసి, అక్రమాల మీద విచారణకి ఆదేశించాడు. విచారణాధికారీ తనే.

“అయ్యా, దరఖాస్తులన్నిటిలో నంబరు ఒకటే. ఒక్కదాంట్లో తేడాగా ఉంది,” అని ఏనుగుకి నివేదించాడు.

“అది నా నంబరండీ!” అంది విచారణకి పిలిపించిన నూకాలు.

“నువ్వే నింపావనడానికి సాక్షి ఎవరమ్మా?” అన్నాడు ఏనుగు.

“నేనేనండీ.”

“మిగతావాళ్లకి పైడయ్య గారు సాక్షి ఉన్నారు. నీకు ఎవరూ లేరు. సీటు రద్దు.”

ఇందులో నీతి కావాలనేవాళ్లకి: వైద్యం నేర్చుకోవాలనుకునే పిల్లలారా, దయచేసి ఇంకేమీ నేర్చుకోకండి.