చేపకి ఉక్కపోస్తే

ప్రతి ఇంట్లోనూ ఒక సముద్రం ఉండాలి!

ఊరికే అంటున్న మాట కాదిది, అనుభవం మీద అంటున్నాను. మాది నూజివీడు. ఎటు చూసినా మామిడితోటలే తప్ప అల అన్నది కంటికి కనపడని ఊరు. అలాంటి ఊళ్లో, ఒక మామిడికాయల వ్యాపారి ఇంటి హాల్లో, సోఫా ఉండాల్సిన చోట ఇప్పుడు సముద్రం ఉంది. దానివల్ల మా కుటుంబానికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు.

మామూలు అక్వేరియం అనుకునేరు! మంచినీళ్లలో ఎర్రచేపల్ని ఎవరైనా పెంచుతారు. పళ్ల డాక్టరు దగ్గర కూడా ఉంటాయి. మాది సాల్ట్‌వాటర్. నారింజ రంగు మీద తెల్లచారలున్న చేపని మా వారు ఫోన్‌లో చూసి మనసు పారేసుకున్నారు. మర్నాడే విజయవాడ వెళ్లి మంచమంత గాజుతొట్టి, పంపులు, లైట్లు, ఒక బస్తా సముద్రపు ఉప్పు వేసుకొచ్చారు.

మా అత్తగారు బసవమ్మగారు ఆ బస్తా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఉప్పునీళ్లే కావాలంటే బందరు బస్సెక్కితే పోయేది కదరా! అక్కడి సముద్రానికి కరెంటు కూడా అక్కర్లేదు."

పెద్దవాళ్లకి టెక్నాలజీ అర్థం కాదు. వదిలేద్దాం.

సముద్రం వల్ల ఇంట్లో ముందుగా పెరిగేది శాస్త్రీయ దృక్పథం. నీళ్లలో ఉప్పెంత ఉండాలో చూడటానికి మీటరు ఉంటుందని షాపువాడు చెప్పాడట. మా వారికి మీటరెందుకు? మాకు కాస్త వరిపొలం కూడా ఉంది. విత్తనాల్లోంచి తాలు గింజలు తీసెయ్యాలంటే వాటిని ఉప్పునీళ్లలో పోస్తారు. ఆ నీళ్లలో కోడిగుడ్డు వేస్తే తేలాలి. తేలితే ఉప్పు సరిపోయినట్టు. మా మామగారు అలాగే చేసేవారు.

మా వారూ అలాగే చేశారు. తొట్టిలో గుడ్డు వేసి, అది తేలేదాకా ఉప్పు పోశారు. గుడ్డు తేలింది. అప్పుడు చేపని వదిలారు. కాసేపటికి చేప కూడా తేలింది.

గుడ్డుని నేను అట్టేశాను. ఇంట్లో ఏదీ వృథా పోకూడదు కదా!

ఆ తర్వాత మీటరు కొన్నారు. అప్పుడు ఇంకో సంగతి తెలిసింది. కొత్త తొట్టిలో వెంటనే చేపలు వెయ్యకూడదట. నీళ్లలో మంచి సూక్ష్మజీవులు పుట్టేదాకా, నెల పైనే, ఉత్త నీళ్లనే ఉంచాలట. షాపువాడు దానికి ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పాడు గానీ, మా వారు ఇట్టే పట్టేశారు.

"ఏం లేదే, నీళ్లు మాగాలి."

గడ్డిలో కాయని మాగబెట్టే కుటుంబం. ఇంతకన్నా తేలిగ్గా ఎవరికి అర్థమవుతుంది? రోజూ పొద్దున్నే లేచి, కాయల కుప్ప దగ్గర వాసన చూసినట్టే, తొట్టి మీదికి వంగి వాసన చూసేవారు. "ఇంకా కసరుగానే ఉన్నాయి," అనేవారు.

విస్సన్నపేట నుంచి కాయ తోలుకొచ్చిన రైతు సవరయ్యగారు మా హాల్లో కూర్చుని, ఆ నీళ్లకేసి, అడుగునున్న రాళ్లకేసి చాలాసేపు చూశారు.

"ఇందులో ఏమున్నాయండీ?"

"ఇంకా ఏం లేవండి. మాగుతున్నాయి," అన్నారు మా వారు.

సవరయ్యగారు తలూపారు. మాగుతున్నాయి అన్నాక మా ప్రాంతంలో ఎదురు ప్రశ్న వెయ్యరు.

మొత్తానికి నీళ్లు మాగాయి. రెండు చారల చేపలు వచ్చాయి. వాటితోపాటు మా ఇంట్లోకి ప్రేమ అనే పదార్థం కూడా వచ్చింది. మామిడికాయల యార్డు నుంచి ఎవరి మీద అరుచుకుంటూ వచ్చినా, తొట్టి ముందుకి రాగానే మా వారి గొంతు దిగిపోతుంది. "తిన్నారామ్మా?" అంటారు. మొదటిరోజు నన్నేమో అనుకుని "ఇంకా లేదండి" అన్నాను. ఆ మాట ఆయనకి వినపడినట్టు లేదు.

ఇక్కడ మా వంటింటి గురించి ఒక్క ముక్క చెప్పాలి. సందర్భం కాదు. అయినా చెప్తాను.

మా వంటింటికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ పడమటికి. మే నెల మధ్యాహ్నం అందులో నిలబడితే, స్టవ్ వెలిగించామో లేదో తేడా తెలియదు. కాపురానికొచ్చిన కొత్తలో అక్కడొక ఫ్యాన్ పెట్టించమని అడిగాను.

"వంటింట్లో ఫ్యానేంటి? స్టవ్ మంట ఆరిపోదూ?" అన్నారు.

నిజమే కదా! నాకు తట్టనే లేదు.

ఇన్వర్టర్ కొన్నాక మళ్లీ అడిగాను. "లోడ్ తీసుకోదు," అన్నారు. లోడ్ అన్నాక ఇంకేం వాదిస్తాం? ఇంకో ఏడాది అడిగితే, "మామిడి సీజన్ కానీ, చూద్దాం," అన్నారు. సీజన్ అయ్యేసరికి వానలు దిగాయి. వానల్లో ఫ్యానెవరికి కావాలి? అలా నా ఫ్యాన్ కూడా ఏటేటా మాగుతూ వచ్చింది.

సరే, మళ్లీ సముద్రం దగ్గరికి వద్దాం.

ఈ ఏడు మే నెలలో మా వారు మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి, తొట్టిలో థర్మామీటరు చూసి దిగాలు పడిపోయారు.

"పాపం, వీటికి ఉక్కపోస్తోందే!"

"చేపలకాండీ?"

"మరి? చూడు, ఎలా నోళ్లు తెరుస్తున్నాయో!"

చూశాను. తెరుస్తున్నాయి. చారు గరిటె పట్టుకుని నేనూ నోరు తెరుచుకునే నిలబడ్డాను. కానీ నాకు చారలు లేవు.

సాయంత్రానికల్లా ఎలక్ట్రీషియన్ పాల్ రాజు వచ్చి, తొట్టి పక్క గోడకి ఫ్యాన్ బిగించాడు. నీళ్ల మీద గాలి తగిలితే చల్లబడతాయట. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టర్‌కి కలిపాడు. లోడ్ తీసుకుంది. చక్కగా తీసుకుంది!

నేను వెళ్లి స్టవ్ వెలిగించుకున్నాను. నాకు శాస్త్రీయ దృక్పథం ఉంది.

రెండు రోజులకి ఆవకాయ పెట్టే రోజు వచ్చింది. వంటింట్లో కూర్చున్న అత్తయ్యగారు చెంగుతో మెడ తుడుచుకుని, తుడుచుకుని, చివరికి ముక్కల బేసిన్ పక్కకి తోసేశారు.

"నావల్ల కాదే అమ్మాయ్. ముక్కకన్నా ముందు నేనే ఊరేట్టున్నాను."

"హాల్లోకి రండత్తయ్యా. అక్కడ సముద్రపు గాలి వస్తోంది."

తొట్టి పక్కనే దుప్పటి పరిచాను. ముక్కలు, ఉప్పు, ఆవపిండి, కొత్త కారం వరసగా సర్దాను. ప్రాణం లేచొచ్చింది! గాలి నీళ్ల మీంచి మా మీదికి, మా మీంచి గోడకి, గోడ నుంచి మళ్లీ నీళ్ల మీదికి తిరుగుతోంది. కారం పొట్లం విప్పాను. గాల్లో ఎర్రగా ఒక పొర లేచింది.

సరిగ్గా అప్పుడే మా వారు గుమ్మంలో అడుగుపెట్టారు.

"ఏంటిది! చేపల దగ్గర కారమేంటి?"

"వంటింట్లో అత్తయ్యగారికి ఉక్కపోస్తోందండి."

"కారం ఎగిరి నీళ్లలో పడితే?"

అత్తయ్యగారు తలెత్తకుండానే అన్నారు. "ఉప్పు నువ్వు ఎప్పుడో వేశావుగా. కారం, ఆవపిండి పడితే అదీ ఊరుతుంది. జాడీ తెప్పించమంటావా?"

మా వారు రెండు చేతులూ తొట్టి మీద అడ్డం పెట్టి, అలాగే నిలబడి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని పాల్ రాజుకి చెప్పారు. అర్జంటుగా రమ్మని, వచ్చేటప్పుడు ఫ్యాన్ పట్టుకు రమ్మని.

పాల్ రాజు మా వంటింట్లో స్టూలెక్కి, డ్రిల్ చేతిలో పట్టుకుని, ఒక సందేహం వెలిబుచ్చాడు.

"మంట ఆరిపోద్దేమోనండీ?"

"ఎందుకారిపోద్దయ్యా? స్టవ్ ఆ మూల, ఫ్యాన్ ఈ గోడకి. కాస్త బుర్ర పెట్టి ఆలోచించవూ!" అని కసిరారు మా వారు.

"మరి లోడూ..."

"ఫ్యాన్‌కెంత లోడయ్యా? ఆ మాత్రం తీసుకోదూ?"

అత్తయ్యగారు నాకేసి చూశారు. నేను చేపలకేసి చూశాను. అవి నోరు తెరిచాయి. పాపం, వాటికి కారం అంటలేదు. ఆవకాయ మిగతా పనంతా మా వంటింట్లోనే, మా ఫ్యాన్ కిందే జరిగింది.

కాబట్టి సోదరీమణులారా, మీకేం కావాలో మీ ఇంట్లో అడక్కండి. చేపకేం కావాలో అడగండి!

అన్నట్టు, మా పెరట్లో స్నానాలగది తలుపు గడియ ఊడిపోయి చాలాకాలమైంది. సీజన్ కానీ చూద్దాం అంటున్నారు. చాటు లేకపోతే సిగ్గుతో చచ్చిపోయే చేప ఏదైనా ఉంటే, దయచేసి దాని పేరు తెలియజేయగలరు.