పెద్ద పాముల్లో చిన్న రకం

పామును కొలవాల్సింది టేపుతో కాదు, రూలుతో! ఈ చిన్న సత్యం తెలియకే లోకం ఇలా తగలడింది.

మా బావ జూలో ఆఫ్రికా కొండచిలువను చూసుకుంటాడు. రోజూ బోనులోకి దూరి, దాని చుట్టల మధ్య కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ శుభ్రం చేసి వస్తాడు. చోటు చాలక అది తోసిన తోపుకి తలుపు గడియ కూడా వదులైపోయింది. పెద్ద బోను ఇప్పించమని బావ ఆఫీసరుగారి దగ్గర మొరపెట్టుకున్నాడు.

ఆఫీసరుగారు అద్దం బయటే నిలబడి పాము కంటి కింద మచ్చ చూశారు. "పెద్ద కొండచిలువల్లో రెండు రకాలయ్యా. మచ్చ పెద్దదైతే పెద్ద రకం, చిన్నదైతే చిన్న రకం. ఇది పెద్ద పాముల్లో చిన్న రకం. దీనికి చిన్న బోనే" అని తేల్చేశారు.

నవ్వకండి. ఇందులో ఎంత లోకకల్యాణం ఉందో చూడండి! పెద్ద రకమైతే రూలు ప్రకారం పర్మినెంటు మనిషిని పెట్టాలి. చిన్న రకానికి టెంపరరీ చాలు. మా బావ, అక్కని చేసుకున్న నాటినుంచీ టెంపరరీయే. గోరంతను కొండంత చేసేవాళ్ళు వీధికి పదిమంది. కొండచిలువను గోరంత చేయగలిగేవాళ్ళు ఎంతమంది?

మొన్న మధ్యాహ్నం ఆ గోరంత ప్రాణి గడియ తోసుకుని, నింపాదిగా వరండా దాటి, ఆఫీసరుగారి గుమ్మంలో అడ్డంగా పడుకుంది. తల గదిలో, తోక వరండాలో. ఆఫీసరుగారు బల్లెక్కారు. అక్కణ్ణుంచి చూస్తే మచ్చ అరచేయంత కనబడిందట.

"పెద్ద రకమేనయ్యా బాబూ, ముందు దీన్ని తియ్యి."

"మరి నా పర్మినెంటు, సార్?" అన్నాడు బావ వరండాలోంచి.

"అయిపోయిందనుకో."

బావ అమాయకుడు, అనుకున్నాడు. పామును మెడ చుట్టూ వేసుకుని, ప్రాణం పీకల మీదికి తెచ్చుకుని, బోనులో దించి వచ్చాడు. అప్పటికి ఆఫీసరుగారు కుర్చీలో ఉన్నారు. కుర్చీలోకి దిగేసరికి మచ్చ మళ్ళీ చిన్నదైపోయింది.

"కంగారులో పొరబడ్డానయ్యా, చిన్న రకమే" అన్నారు.

చూశారా శాస్త్రం ఎంత సున్నితమో? రకం పాములో ఉండదు, అది ఎవరి గుమ్మంలో పడుకుందన్న దాంట్లో ఉంటుంది. ఈ ముక్కే ఇంటిదగ్గర బావకి విడమరిచి చెప్పబోయాను. "నువ్వు కాసేపు నోర్ముయ్యి" అంది అక్క. మొగుడి మెడ మీద కమిలిన చోట నూనె రాస్తోంది. రాసి రాసి, చెయ్యి ఆపి అడిగింది.

"ఏమండీ, ఆ గడియ ఇంకా వదులేగా? ఈసారి సంతకం పడ్డాకే పామును ఎత్తండి."