ఉప్పు సీసాలో దోసెడు నీళ్ళు

ఆ రోజు ఉదయం దేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికన్నా ముందు బడికి చేరాలి. రేఖ ఉప్పు సీసాలో దోసెడు నీళ్ళు పోయాలి. తరువాత ఏమీ ఎరగనట్టు తన చోట కూర్చోవాలి. చద్దన్నం తింటూ అంతా మనసులో మరోసారి సరిచూసుకుంది.

"ఏటే, తిండి మీద ద్యాస నేదు? నీ నేస్తంతో తగువైందేటి?" అని అడిగింది నాయనమ్మ నారాయణమ్మ.

"నాకు నేస్తమేటి? దానికిప్పుడు రేక ఉన్నాది గదా!"

"తప్పు! సెంపలేసుకో. కట్టిన నేస్తాన్ని అలగనకూడదు."

శ్రీకాకుళం పక్క నేస్తం కట్టడమంటే మామూలు స్నేహం కాదు. నిరుడు అమ్మవారి పండగలో దేవి, విశాలి పూలు మార్చుకున్నారు, గాజులు మార్చుకున్నారు. రెండిళ్ళవాళ్ళూ కలిసి భోంచేశారు. అప్పటినుంచి ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు. 'నేస్తమా' అనే పిలుచుకోవాలి. దేవికి ఆ కట్టు కొండంత ధైర్యం. ఐదో తరగతిలో ఆమె ప్రాణంగా చూసుకున్న ఒక అమ్మాయి, తండ్రికి రైల్వేలో బదిలీ అయితే, నౌపడ స్టేషనులో కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కట్టిన నేస్తం అలా పోదని నాయనమ్మ మాటిచ్చింది.

పోయింది. రైలెక్కి కాదు, ఒక బల్ల అవతలికి.

దీనికంతటికీ మూలం అనూరాధ టీచరు కట్టిస్తున్న గొలుసు యంత్రం. విజయనగరం టౌనులో పెరిగిన ఆవిడ ఈ ఏడే బడికి వచ్చారు. యంత్రం సంగతి ఇదీ: గోపి వదిలిన గోళీ వెదురుబద్ద మీద దొర్లి పాత పుస్తకాల వరసను పడగొడుతుంది. చివరి పుస్తకం పడగానే దేవి కట్టిన తాడు బిగిసి, తలకిందులుగా వేలాడుతున్న సీసా బిరడా ఊడుతుంది. సీసాలోని ఉప్పు మెల్లగా కారి, తూగుడుబల్ల ఒక చివరున్న డబ్బాలో నిండుతుంది. రెండో చివర నెమ్మదిగా లేచి, అక్కడున్న కార్కు బంతిని వాలుపలక మీదికి దొర్లిస్తుంది. ఆ బంతి వెళ్ళి సుత్తిని తడితే, గుమ్మం బయట వేలాడే రైలుపట్టా ముక్క, అంటే బడిగంట, మోగుతుంది.

"ఎవరి పని అయిపోగానే వాళ్ళు పక్కవాళ్ళని పేరు పెట్టి గట్టిగా పిలవాలి. మనిషి మనిషికి అందిస్తేనే టీమ్‌వర్క్," అన్నారు టీచరు.

మొదట ఉప్పూ, గంటా రెండూ విశాలివే. దేవి తాడు పక్కనే విశాలి సీసా. ఆ మర్నాడే విశాలి వెళ్ళి టీచరు చెవిలో ఏదో ఊదింది. సాయంత్రానికల్లా ఉప్పు సీసా రేఖ చేతికి వెళ్ళింది. రేఖ వచ్చి సరిగ్గా ఇద్దరి మధ్యా నిలబడింది.

ఇక దేవి కళ్ళకి వేరే పని లేకుండా పోయింది. విశాలి రేఖకి జీడిపప్పు పాకం ముక్క పెట్టింది. దేవికి గొంతులో అడ్డం పడింది. మరునాడు విశాలి రేఖకి జడ వేసింది. దేవికి తల నొప్పి పుట్టింది.

"రేక జడ బాగున్నాది. ఎవులేసారో?" అంది దేవి.

"నానే ఏసినాను నేస్తమా."

"పాపం! సేతులు నొప్పెట్టుంతాయి."

"నేదు, దానిది సిన్న జడే గదా," అంది విశాలి.

అంత అమాయకత్వాన్ని దేవి భరించలేకపోయింది. నీళ్ళ ఆలోచన అప్పుడే పుట్టింది.

పథకం ప్రకారం దోసెడు నీళ్ళు సీసాలోకి వెళ్ళాయి. మండల విద్యాధికారి యంత్రం చూడటానికి వచ్చే రోజు అది. రేఖ వచ్చి సీసా ఊపి చూసింది. ఉప్పు తడి ముద్దయి కదల్లేదు.

"విశాలీ, నా సీసానేటి సేసినావు? ఉప్పు మల్లీ నీకే కావాలేటి?"

"ఓలమ్మ! నానెందుకు సేస్తాను?"

దేవికి చాలా రోజుల తరువాత ప్రాణం లేచొచ్చింది. కానీ రేఖ "ఐతే నానుండను, పోతాను" అనగానే విశాలి ఆమె చెయ్యి పట్టేసుకుంది. "నువ్వెల్లిపోకే రేకా! నీకు దండమెడతాను. మా మద్దిన నువ్వుండాలి!" అని ఏడుపు మొహం పెట్టింది.

దోసెడు నీళ్ళు చాల్లేదని, బిందెడు పోసి ఉండాల్సిందని దేవికి అనిపించింది.

విశాలి ఏడుపు చూసి రేఖ మెత్తబడింది. సీసా పట్టుకుని వంటగదికి పరుగెత్తింది. మధ్యాహ్నం భోజనం వండే మరిడమ్మ ఆ తడి ఉప్పుని బేసిన్లో పోసి పొయ్యి పక్కన పెట్టింది.

"ఇది ఆరీసరికి మీ సారొచ్చి ఎల్లిపోతాడు గుంటా! ఇదిగో, ఆవాలట్టుకెల్లు. ఒక్క గింజ తగ్గిందంటే నీ జడ కోసి పోపెడతాను."

ఆవాలు ఉప్పుకన్నా తేలిక కదా అని రేఖకి భయం పట్టుకుంది. అందుకని ప్లాస్టిక్ సీసా మూతి కాస్త పెద్దదిగా కోసి, దానికి తగ్గ గుడ్డ బిరడా పెట్టి, సీసాని మరో మూర ఎత్తున కట్టింది. తన తెలివికి తానే మురిసింది.

అధికారి వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. గోపి గోళీ వదిలి "దేవీ!" అని అరిచాడు. పుస్తకాలు పడ్డాయి, తాడు లాగింది, బిరడా ఊడింది. దేవి వేపాకు నమిలిన మొహంతో "రేకా" అంది.

ఉప్పయితే మెల్లగా కారేది. ఆవాలు జలపాతంలా దూకాయి. డబ్బా ఒక్క క్షణంలో నిండి దభీమని దిగింది. రెండో చివర ఎగిరి తన్నింది. కార్కు బంతి వాలుపలక సంగతే మరిచిపోయి, గాలిలో నేరుగా విశాలి తల వెనకవైపుకి బయల్దేరింది. విశాలి అధికారి వైపు చూసి చక్కగా నవ్వుతోంది.

'నేస్తమా' అనడానికి వ్యవధి లేదు. అంత భయంలో నోటికి ఏది వస్తే అదే వచ్చింది.

"విశాలీ!"

ఆ గొంతులో తన పేరు విని విశాలి దిగ్గున వెనక్కి తిరిగింది. బంతి ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయి, సుత్తితో పని లేకుండా రైలుపట్టాని ఠంగుమనిపించింది. అన్నం గంట కొట్టారని బడి బడంతా కంచాలతో బయటికి ఉరికింది. వంటగదిలోకి దూసుకొచ్చిన పిల్లల్ని చూసి మరిడమ్మ ఉలిక్కిపడింది. ఆమె మోచెయ్యి తగిలి, బేసిన్లో ఉప్పంతా సాంబారులోకి జారింది.

"అద్భుతం!" అని అధికారి లేచి చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకా సాంబారు తినలేదు.

విశాలి మాత్రం బావురుమంది. "నా పేరెట్టి పిలిసీసావు గదే! నీ నోట నా పేరు రాకూడదనే గదా టీచర్ని బతిమాలి మద్దిన రేకనెట్టించినాను! అది రానంటే పాకం ముక్కెట్టినాను, జడేసినాను! అంతా బూడిదయిపోయింది!"

పేర్లు పిలవాలని టీచరు చెప్పిన నాడే విశాలి ఇంత దూరం ఆలోచించింది. దేవి రేఖ జడ దాటి ఆలోచించలేదు.

"మరి నాకు సెప్పవేటే?"

"ఆ మాత్తరం నీకు తెల్దనుకోనేదు!"

పక్కనే రేఖ నేల మీద ఆవాలు ఏరుతూ, జడ గుర్తొచ్చి ఏడుస్తోంది. దేవి నీళ్ళ సంగతి ఒప్పుకుంది. రేఖ తిట్టాల్సినన్ని తిట్టి, చేట ఆమె చేతికిచ్చింది. చీకటి పడేదాకా ముగ్గురూ కలిసి ఆవాలు ఏరారు.

పేరు పలికితే నేస్తం తెగినట్టే, మళ్ళీ కట్టాలని నారాయణమ్మ తీర్పు చెప్పింది. "ఎలాగూ వంట సేస్తన్నాం గదా, ఆవాలేరిన గుంటతోటీ కట్టీసుకో," అంది. దేవి రేఖతో కూడా పూలు మార్చుకుంది. అది చూసి ఈసారి విశాలి మూతి ముడిచింది. "నువ్వూ దాంతో కట్టుకోయే," అని దేవి బతిమాలాక గానీ ముద్ద ముట్టలేదు. ముగ్గురి భోజనం చూసి మిగిలిన తరగతికి కుళ్ళు పుట్టింది. వారం తిరక్కుండా వాళ్ళూ జంటలు జంటలుగా, గుంపులు గుంపులుగా మొదలెట్టి, చివరికి అందరూ అందరితోనూ నేస్తాలు కట్టేసుకున్నారు.

ఆ పైవారం యంత్రాన్ని శ్రీకాకుళంలో జిల్లా ప్రదర్శనకి ఎంపిక చేసినట్టు కబురొచ్చింది. అధికారి ఒక్క షరతు పెట్టారు. ఆ రోజు ఆ అమ్మాయి ప్రాణం పెట్టి పేరు పిలిచినట్టే, అక్కడ పిల్లలంతా పిలవాలి.

ఒకరి పేరు ఒకరు పలకగలిగే ఇద్దరు పిల్లల కోసం అనూరాధ టీచరు తరగతిలో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.