ప్రళయానికి ఇంటర్వెల్

సోమవారం ఉదయం ఆ ఇంటివాళ్ళు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీలు తాగాలి, అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాలి, ఆపైన ఎవరి పనికి వాళ్ళు పోవాలి. శుక్రవారం ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషను. ఆ డాక్టరు ఆదివారం విమానమెక్కితే మళ్ళీ ఆరు నెలలకు గాని రాడు. అన్నాళ్ళు ఆగితే శుక్లం ముదిరి వ్యవహారం చేయి దాటిపోతుందని ఆయన ముందే హెచ్చరించాడు. ఎడమకన్ను సంగతి సరేసరి, అది పేరుకే కన్ను.

కాఫీ గ్లాసు పెట్టడానికి బల్ల అంచు తడుముకుంటూ, "నేను రాను," అంది అత్తగారు.

"అదేంటమ్మా?" అంది కూతురు.

"శుక్రవారం గురుగ్రహం భగ్గుమంటుందట. ఎవరో అణుసరుకు నింపిన అంతరిక్షనౌకని తీసుకెళ్ళి దాంట్లో పడేస్తున్నారట. ఆ గ్రహమంతా గ్యాసేనట. అంటుకుని రెండో సూర్యుడైపోతుందట. అందరం మాడి మసైపోతుంటే నాకు కొత్త కన్నెందుకే? దండగ."

ఈ వార్త ఆవిడకు పార్కులో అందింది. అక్కడ ఉదయం నడకకు వచ్చేవాళ్ళలో ఒక రిటైరైన పోస్టుమాస్టరు ఉన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎక్కడి కబురో ఎక్కడికో చేరవేసిన మనిషికి చేతులు ఊరుకోవు కదా. ఇప్పుడు ఫోనులోకి వచ్చిన ప్రతి సందేశాన్నీ బెంచీ బెంచీకీ తిరిగి చదివి వినిపిస్తాడు. అత్తగారికి కళ్ళు ఆనవు కాబట్టి ఆవిడకు రెండుసార్లు వినిపిస్తాడు.

అల్లుడు ఫక్కున నవ్వాడు. తర్వాత జరిగిన అనర్థాలన్నిటికీ ఆ నవ్వే మొదలు. అతను నక్షత్రశాలలో వ్యాఖ్యాత. గుండ్రటి కప్పు మీద చుక్కలు వెలుగుతుంటే చీకట్లో మైకు పట్టుకుని వాటి సంగతులు చెప్పడం అతని ఉద్యోగం. పదిహేనేళ్ళుగా ఎన్నో బడుల పిల్లలు అతని గొంతు వింటూ విజ్ఞానం సంపాదించారు. కొందరు హాయిగా నిద్ర కూడా పోయారు. అలాంటివాడి ముందు అతని సొంత అత్తగారే గురుగ్రహానికి నిప్పంటించింది.

"నవ్వుతారేం?" అంది భార్య. "ఊరందరికీ ఆకాశం గురించి చెప్తారు, మా అమ్మకొక్కదానికి చెప్పలేరా?"

అతను కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. "అత్తయ్యగారూ, ఆ గ్రహంలో ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్."

"గ్యాసా, కాదా?"

"గ్యాసే."

"మన సిలిండర్లో ఉన్నదీ గ్యాసేగా?"

"అది వేరండీ. అసలు ఏది మండాలన్నా ఆక్సిజన్ కావాలి. అక్కడ మండేందుకు సరిపడా లేదు. ఉండండి, చూపిస్తాను."

కొవ్వొత్తి వెలిగించి, దాని మీద భార్య కొత్తగా కొన్న పెద్ద గాజు సీసా బోర్లించాడు. గాలాడక మంట ఆరిపోవాలి. నిజానికి ఆరిపోయేదే. కాని కొవ్వొత్తి పొడుగైనది, మంట వెళ్ళి సీసా అడుక్కి తగిలింది. అది వేడెక్కి ఠప్పున పగిలింది. భార్య గట్టిగా అరిచింది. గాజుపెంకులు బల్లంతా పరుచుకున్నాయి.

"చూశారా అల్లుడుగారూ," అంది అత్తగారు జాలిగా, "మూతపెడితే ఇంకా పేలుతుంది."

సాయంత్రం పార్కులో ఆవిడ ఉన్నమాటే చెప్పింది. "మా అల్లుడు నక్షత్రశాలలో పనిచేస్తాడు. అలాంటిదేమీ జరగదని చూపిద్దామని తనే చేశాడు పాపం. పేలింది." పోస్టుమాస్టరు దాన్ని ఇంకాస్త కుదించి నలుగురికీ పంపాడు. కుదించేటప్పుడు సీసా ఎగిరిపోయింది, కొవ్వొత్తి కొట్టుకుపోయింది. మిగిలింది ఇంతే: నక్షత్రశాలవారు ప్రయోగం చేశారు, పేలింది.

మంగళవారం పొద్దుటికి నక్షత్రశాలలో ఫోను మోగడం మొదలైంది. రెండో సూర్యుడు కూడా తూర్పునే ఉదయిస్తాడా అని ఒకాయన అడిగాడు. ఇక రాత్రే ఉండదు కదా, మరి రాత్రి కాపలావాళ్ళ గతేమిటని ఒక కాపలాదారు నిలదీశాడు. మధ్యాహ్నానికి డైరెక్టరు వ్యాఖ్యాతను పిలిపించాడు.

"ఏమయ్యా, మన సంస్థ పేరు మీద ప్రళయం ప్రకటించావట?"

"లేదు సార్. కొవ్వొత్తి సార్."

"కొవ్వొత్తేమిటి?"

"దాని మీద సీసా సార్. మా అత్తగారి కోసం."

డైరెక్టరు చెయ్యెత్తి ఆపాడు. "ఇంకేం చెప్పకు. గురువారం సాయంత్రం ఉచిత ప్రదర్శన పెట్టు. ఊళ్ళో ఒక్కడికి కూడా భయం మిగలకూడదు."

వ్యాఖ్యాతకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో బల్ల దగ్గర ఓడిపోయాడు గాని, మైకు, చీకటి, గుండ్రటి కప్పు ఉంటే అతనికి ఎదురులేదు. అత్తగారిని ఒప్పించడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. పైగా ఆ కంటి డాక్టరును కూడా పిలిచి ఆవిడ పక్కనే కూర్చోబెడితే, అంత చదువుకున్నాయన నిబ్బరంగా కూర్చున్నాడని తెలిసి ఆవిడకూ ధైర్యం వస్తుంది. డాక్టరు సంతోషంగా ఒప్పుకున్నాడు, పిల్లల్ని కూడా తీసుకొస్తానన్నాడు.

ప్రదర్శనను రెండు భాగాలుగా రాసుకున్నాడు. మొదటి సగంలో జనం భయపడుతున్నదాన్ని భయపడుతున్నట్టే చూపించాలి. నౌక పడుతుంది, గ్రహం అంటుకుంటుంది. రెండో సగంలో ఒక్కొక్క ముడీ విప్పుతూ ఇందులో ఏదీ జరగదని తేల్చాలి. కాగితం మీద చూసుకుంటే అతనికే ముచ్చటేసింది.

బొమ్మలు వేసే యంత్రాన్ని నడిపే ఆపరేటరు కొత్తగా చేరినవాడు. అంతకుముందు ఇరవై ఏళ్ళు సినిమాహాల్లో పనిచేశాడు. ఇక్కడి గ్రహాలు, చుక్కలు అతనికి బొత్తిగా చప్పగా ఉన్నాయి. అలాంటిది వ్యాఖ్యాత చెప్పింది వినగానే ముఖం వెలిగిపోయింది.

"ఇన్నాళ్ళకి ఒక కథ రాశారు సార్! మంట సంగతి నాకొదిలేయండి. సీట్లు అదిరిపోవాలి."

"మరీ అదరక్కర్లేదయ్యా."

"మీరు చూస్తూ ఉండండి సార్."

గురువారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. అత్తగారు ముందు వరసలో కూర్చుంది. ఒక పక్క కూతురు, మరో పక్క డాక్టరు, ఆయనకు అవతల ఇద్దరు పిల్లలు. దీపాలారాయి. కప్పు నిండా చుక్కలు పరుచుకున్నాయి. వ్యాఖ్యాత గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గురుగ్రహం చారలు చారలుగా పైకి తేలింది. ఒక మూల నుంచి చిన్న నౌక బయలుదేరింది. వ్యాఖ్యాత గొంతులో వణుకు చూపించాడు, అది అతనికి బాగా వచ్చు. నౌక గ్రహంలోకి దూకింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. అంతలో ఆపరేటరు తనకు తెలిసిన విద్యంతా ప్రదర్శించాడు. ఢామ్మని సీట్లు అదిరాయి. గ్రహం ఎర్రబడి, పసుపెక్కి, తెల్లగా మారి, కప్పు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మంటే మంట.

జనం హాహాకారాలు చేశారు. ఇంకొక్క వాక్యం పలికితే చాలు, అంతా సర్దుకునేది. "కాని మిత్రులారా, ఇది ఎన్నటికీ జరగదు," అన్నదే ఆ వాక్యం. వ్యాఖ్యాత దాన్ని గంభీరంగా పలికాడు కూడా. ఎవరికీ వినబడలేదు, ఎందుకంటే మైకు లేదు.

కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఏం చేయాలో ఆపరేటరుకు ఇరవై ఏళ్ళ అలవాటు. గంట కొట్టాడు, మైకు ఆపాడు, నాలుగు తలుపులూ బార్లా తెరిచాడు. ఇంటర్వెల్.

పైన ప్రళయం, ఎదురుగా తెరిచిన తలుపులు. ఇక అక్కడ ఆగినవాడు ఎవడు? పోస్టుమాస్టరు అందరికంటే ముందు గుమ్మం దాటాడని కొందరు, కాదు, పిల్లల్ని చెరో చంకనా ఇరికించుకున్న కంటి డాక్టరే దాటాడని కొందరు. కూతుర్ని జనం వరండా దాకా నెట్టుకుపోయారు. డైరెక్టరు ఏ తలుపులోంచి మాయమయ్యాడో ఇప్పటికీ తేలలేదు. "ఆగండి! రెండో సగం ఉంది!" అంటూ వ్యాఖ్యాత గొంతు చించుకుని వెంటపడ్డాడు. రెండో సగం కూడా ఉందని విన్నవాళ్ళు ఇంకా జోరుగా పరుగెత్తారు.

అతను ఉసూరుమంటూ హాల్లోకి తిరిగొచ్చేసరికి కప్పు మీద మంట ఇంకా మండుతూనే ఉంది. ముందు వరసలో అత్తగారు ఒక్కతే, సంచి ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉంది.

"అల్లుడుగారేనా? ఇంటర్వెల్ ఎంతసేపండీ? ఏదో ఢామ్మంది, లైట్లు వేసి గంట కొట్టారు, అందరూ లేచిపోయారు. నేను ఈ మెట్లు దిగలేనని కూర్చుండిపోయా."

"లైట్లా?" అన్నాడు అతను.

"ఇవి లైట్లు కావూ?" ఆవిడ మెల్లగా తలెత్తి పైకి చూసింది. "మరేంటి?"

తోకచుక్క చీపురుకట్టలా ఉంటుందని పిల్లల్ని నవ్వించేవాడికి ఆ మాట చెప్పడం కష్టమైపోయింది. "అదే అత్తయ్యగారూ... గురుగ్రహం. అంటుకున్నట్టు చూపించాం. ఆకాశమంతా మంట. అది చూసే అందరూ పారిపోయారు."

ఆవిడ కళ్ళు చిట్లించి మళ్ళీ పైకి చూసింది. "అంతకుముందు చుక్కలు కూడా వేశారా?"

"వేలకొద్దీ వేశాం."

"నాకు ఒక్కటీ ఆనలేదు," అంది ఆవిడ. "ఇంతమందీ హడలి చచ్చింది నాకు ట్యూబులైటులా కనబడిందండీ. నా కళ్ళు ఇంత పాడైపోయాయని నాకే తెలీదు." గొంతు తగ్గించి అంది: "మీకో మాట చెప్తా, అమ్మాయితో అనకండి. ఆ గ్రహం అంటుకుంటుందో లేదో నాకు తెలీదు. కంట్లో సూది పెడతారంటే మాత్రం నాకు చచ్చేంత భయం. ప్రళయమైతే అది తప్పుతుంది కదాని నమ్మేశాను."

నాలుగు రోజులుగా తను గ్రహాన్ని ఆర్పుతూ తిరిగాడే గాని, పక్కన కూర్చున్న మనిషికి దేనికి భయమో ఒక్కసారి కూడా అడగలేదు. వ్యాఖ్యాతకు సిగ్గేసింది. వెళ్ళి ఆవిడ పక్కన, డాక్టరు వదిలేసి పోయిన సీట్లో కూర్చున్నాడు.

"ఆపరేషనంటే నాక్కూడా భయమేనండీ. రేపు ఆ గది గుమ్మం దాకా మీ చెయ్యి వదలను."

"సరే లెండి. ముందు మీ రెండో సగం చెప్పండి. నా వంతు భయం ఎలాగూ దక్కలేదు, ధైర్యమైనా దక్కనీండి."

మైకు లేకుండా, ఒక్క మనిషి కోసం, అతను రెండో సగం మొత్తం చెప్పాడు. పదిహేనేళ్ళలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

శుక్రవారం ఉదయం ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. వరండాలో ఒక్క రోగి లేడు. నర్సు ఇబ్బందిగా నవ్వింది. "డాక్టరుగారు ఇవాళ ఆపరేషన్లు పెట్టుకోలేదమ్మా. ప్రయాణం ముందుకు జరుపుకుని మధ్యాహ్నమే వెళ్ళిపోతున్నారు. మీది ఆరు నెలల తర్వాత చూద్దామన్నారు, అన్నీ సవ్యంగా ఉంటే."

వ్యాఖ్యాత ఫోను తీసి డాక్టరుకు కలిపాడు. "డాక్టరుగారూ, నిన్నటి ప్రదర్శనలో..." అన్నాడో లేదో అవతలి నుంచి కేక వినబడింది. "మీ నోటితోనే కదండీ చెప్పారు! మా పిల్లలు రాత్రంతా మంచం కింద పడుకున్నారు!"

"ఇలా ఇవ్వండి," అంటూ అత్తగారు ఫోను తడుముకుని లాక్కుంది. "డాక్టరుబాబూ, నిన్న మీ పక్కన కూర్చున్నాను. మీరు సగంలో లేచిపోయారు, నేను పూర్తిగా విన్నాను. సూట్‌కేసు కింద పెట్టి వినండి. గ్యాసున్నంత మాత్రాన అంటుకోదు, మండడానికి ఆక్సిజన్ ఉండాలి, అక్కడ లేదు. సూర్యుడిలా వెలగాలంటే ఆ గ్రహం ఇప్పుడున్న దానికి దాదాపు ఎనభై రెట్లు బరువుండాలి. ఆ నౌకలో ఉన్నది బాంబు కాదు, కరెంటు కోసం పెట్టుకున్న కుంపటిలాంటిది. అందులో ఇంధనం అయిపోతోంది, పక్కనున్న చందమామల మీద పడి వాటిని పాడుచెయ్యకుండా గ్రహంలో పడేస్తున్నారు. వెనకటికి ఒక తోకచుక్క ముక్కలై అందులోనే పడింది. దాని దెబ్బ ముందు ఇదెంత? నాలుగు మచ్చలు పడ్డాయి, అవి కూడా చెరిగిపోయాయి... ఏంటి? లేదు బాబూ, సీసా సంగతి వేరు. అది మా అల్లుడుగారి తొందరపాటు."

అవతల సూట్‌కేసు కింద పెట్టిన చప్పుడైంది. "పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ళకీ చెప్తా," అని ఆవిడ ఫోను పెట్టేసింది. కూతురు తల్లి వంకా భర్త వంకా మార్చి మార్చి చూసింది.

సోమవారం ఎగ్గొట్టిన రక్తపరీక్ష నర్సు ముగించేసరికి, అరగంటలో డాక్టరు వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు. అత్తగారిని ఆపరేషను గదిలోకి తీసుకెళ్తుంటే అల్లుడు మాట తప్పకుండా గుమ్మం దాకా ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది, అతని చెయ్యి అంతకంటే చల్లగా ఉంది. తలుపు మూసుకోబోతుండగా లోపల డాక్టరు రెప్ప ఎత్తి పరీక్షిస్తుంటే ఆవిడ అనడం వినబడింది: "నర్సమ్మా, ముందు ఈయనకి మంచినీళ్ళివ్వు. వేళ్ళు వణుకుతున్నాయి, కన్ను నాది."

నీళ్ళు తాగాక డాక్టరు వేళ్ళు కుదురుకున్నాయి, పని చక్కగా సాగింది. ఆ రోజే ఎక్కడో చాలా దూరంలో ఆ నౌక గురుగ్రహంలోకి దూకి కరిగిపోయింది. గ్రహం పట్టించుకోలేదు. సాయంత్రం ఎప్పటిలాగే ఒక్క సూర్యుడే అస్తమించాడు. పోస్టుమాస్టరు బెంచీ బెంచీకీ తిరిగి, అంతా కట్టుకథేనని తనకు మొదటినుంచీ అనుమానమని వినిపించాడు.

శనివారం ఉదయం డాక్టరు కట్టు విప్పాడు. అత్తగారు రెప్పలు ఆడించి, కిటికీని, గోడని, కూతుర్ని, అల్లుణ్ణి వరసగా చూసింది. కూతురు ఏడ్చేసింది. అల్లుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. డాక్టరు ఆవిడ ముందు చెయ్యి పైకెత్తాడు.

"ఎన్ని వేళ్ళు కనబడుతున్నాయమ్మా?"

"మూడు," అంది అత్తగారు. "ఇవాళ వణకడం లేదు కూడా."