కాయ మీది, తొక్క నాది

బెంగాల్‌లోని బాంకుడాలో నివారణ్ బాబు ఆ ఆదివారం పొద్దున ఒకటే పని పెట్టుకున్నాడు. బావగారు వచ్చేలోపు వసారా తుడవాలి. బావగారంటే భార్య బీణాపాణికి అన్న, హృషీకేశ్. ఇరవై రెండేళ్ల కిందట పెళ్లిపందిట్లోనే "ఈ గుమాస్తా మా చెల్లికి రెండు పూటలా అన్నం పెట్టలేడు" అన్న మనిషి. ఆ తర్వాత ఈ గడప తొక్కడం ఇదే మొదలు. ఫోనులో ఆయన కోరింది కూడా ఒక్కటే, వాళ్లమ్మ చేసే పద్ధతిలో సొరతొక్కల వేపుడు.

నివారణ్ బాబు శ్రద్ధగా తుడిచాడు. మూలనున్న చేటలో తొక్కలు కనబడితే పక్కింటి మేకకు పెట్టి వచ్చాడు.

"చేటలో తొక్కలేవండీ?" అంది బీణాపాణి.

"మేక కోసమే బయట పెట్టావనుకున్నా."

"ఇరవై రెండేళ్లలో ఆ మేకకి ఒక్క తొక్కైనా వదిలానా?"

"పోనీ, ఇంకో సొరకాయ పట్టుకొస్తాను."

"ఉన్న కాయ పప్పులో ఉడుకుతోంది. తొక్క కోసం కాయ కొనే ఇల్లు కాదిది. ఎవరినైనా అడిగి తొక్కలే తెండి!"

నివారణ్ బాబు సంచి పట్టుకుని వీధిన పడ్డాడు. జరిగింది చెప్పుకోవడానికి నామోషీ. అందుకని ప్రతి గుమ్మంలోనూ "సొరతొక్కలేమైనా ఉన్నాయా వదినా? మధ్యాహ్నం వంటకి" అని మాత్రం అడిగాడు. ఎవరింట్లోనూ కాయ ఇంకా చెక్కలేదు. ఆ వీధిలో తొక్కలు తినని ఇల్లు లేదు. కానీ ఎవరి తొక్కలు వాళ్లు తింటారు. పక్కింట్లో అడిగారంటే ఇంట్లో కాయే లేదన్నమాట.

"పాపం పెద్దమనిషి, కాయ అడగడానికి సిగ్గుపడ్డాడు" అంది ఎదురింటి పుతుల్. పది నిమిషాల్లో వీధంతా పాకింది.

హృషీకేశ్ వచ్చి వసారాలో చెప్పులు విప్పుతుండగానే పుతుల్ సొరకాయతో, బియ్యం సంచితో దిగింది. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ సొరకాయలే.

"మొహమాటపడకండి అన్నగారూ. కష్టాలు ఎవరికి రావు!" అంది నివారణ్ బాబుతో.

హృషీకేశ్ మొహం ఎర్రబడింది. "నేనానాడే చెప్పాను. బీణా, బట్టలు సర్దుకో. నాతో వచ్చెయ్."

నివారణ్ బాబు ఖాళీ సంచి వీపు వెనక దాచుకున్నాడు.

బీణాపాణి కత్తిపీట తెచ్చి గుమ్మం మధ్యలో వేసుకుని కూర్చుంది. అయిదు కాయలూ చెక్కింది. నున్నటి కాయలు ఎవరివి వాళ్ల చేతుల్లో పెట్టింది.

"కాయ మీది, తొక్క నాది. మా అన్నయ్యకి వేపుడు చెయ్యాలి. మా తొక్కలు ఈయన మేకకి పెట్టేశారు. పుతుల్, ఆ బియ్యం పట్టుకెళ్లు, మా డబ్బా నిండుగానే ఉంది. ఒంటిగంటకి అందరూ వచ్చెయ్యండి. ఇన్ని తొక్కలు మేం ముగ్గురం తినలేం."

ఆవనూనెలో నల్లజీలకర్ర చిటపటలాడింది. సన్నగా తరిగిన తొక్కలు గసగసాలతో కలిసి కరకరలాడాయి. ఏడుగురు వరసగా కూర్చుంటే బీణాపాణి తలెత్తుకుని వడ్డించింది. హృషీకేశ్ మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు.

"అచ్చం అమ్మ చేతిదే" అన్నాడు. నివారణ్ బాబు వైపు తిరిగి, "ఆనాడు నోరు జారాను నివారణ్. రెండు పూటలా పెట్టలేవన్నాను. ఇక్కడ వీధికే పెడుతున్నారు" అన్నాడు.

"పెట్టేది ఆవిడే బావగారూ. నేను మేకకే పెట్టాను."

ఆ సాయంత్రం అయిదిళ్లలోనూ సొరకాయ కూరే. అయిదిళ్లలోనూ మగవాళ్లు తొక్కల వేపుడేదని అడిగారు.