చేప కోసం పీల్చి వదిలిన గాలి

కోడలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఉప్పునీళ్ల తొట్టిలోని చారల చేప చచ్చిపోతే, ఆ మాట పిల్లకి తనే చెప్పాలి. పిల్ల దాన్ని తమ్ముడు అంటుంది. గాజుకి ముద్దు పెట్టనిదే బడికి కదలదు.

ఆ పొద్దున కోడలు అనుకున్నవి చిన్న పనులే. పిల్లని బడికి పంపాలి, దుప్పట్లు ఉతకాలి, కాసేపు నడుం వాల్చాలి. భర్త పనిమీద ఊరెళ్తూ, "తొట్టి మీటరు మీద ఓ కన్నేసి ఉంచు. నీళ్ల పీహెచ్ అంకె ఎనిమిదిన్నర దాటితే చేపకీ, పగడాలకీ ప్రమాదం" అన్నాడు. దుప్పట్లు నానబెట్టి వచ్చి చూస్తే దాటేసింది.

భర్త ఫోన్ ఎత్తలేదు. చేపల దుకాణం అతను ఎత్తాడు.

"కంగారు పడకమ్మా. కిటికీలు మూసెయ్. మనం వదిలే గాలి నీళ్లలో కలిస్తే పీహెచ్ దానంతటదే దిగుతుంది. గదిలో ఎంతమంది ఉంటే అంత మంచిది."

ఇంట్లో ఉన్నది అత్తగారొక్కరే. కోడలు ఆవిడకి తొట్టి పక్కన కుర్చీ వేసింది.

"అత్తయ్యా, మీరిక్కడ కూర్చుని ఊపిరి వదులుతూ ఉండండి, చాలు."

"పుట్టినప్పటినించీ వదులుతూనే ఉన్నా. ఇన్నాళ్లకి ఒకరికి పనికొచ్చింది" అంది అత్తగారు.

అంకె దిగలేదు సరికదా, ఇంకాస్త ఎక్కింది. కోడలు పరుగెత్తి ఎదురింటి కుట్టుపనావిడని పిలుచుకొచ్చింది. ఆవిడ మిషను కూడా మోసుకొచ్చింది, ఉత్తినే ఊపిరి వదిలితే పొద్దు గడవదని. అంకె మళ్లీ ఎక్కింది. ఈసారి పై వాటాలో ఉండే వ్యాయామం మాస్టారు దిగొచ్చారు.

"ఇలా ముక్కుతో వదిలితే ఏం లాభం? దమ్ముండాలి" అని ఆయన గుంజీలు మొదలెట్టారు. "నువ్వు ఆపమనేదాకా ఆపను తల్లీ. మాటంటే మాటే."

గది ఉడికిపోతోంది. కుట్టుపనావిడ కొంగుతో విసురుకుంటూ, "చేప సంగతేమో గానీ ముందు నేను పోయేలా ఉన్నాను" అంది. అంకె మాత్రం ఎక్కుతూనే ఉంది. చేప రాయి వెనక్కి పోయి నక్కింది. పిల్ల బడి నుంచి వచ్చే వేళవుతోంది. ఇంకెవరిని పిలవాలా అని కోడలు వెనక్కి తిరిగేసరికి, అత్తగారు తొట్టిలోకి గ్లాసు వంపుతూ కనబడింది.

"అత్తయ్యా, ఏంటది?"

"నీళ్లేనమ్మా. తొట్టిలో కాస్త తగ్గాయని పొద్దుటినించీ పోస్తున్నా. మూలన డబ్బాలో మావాడు తేటనీళ్లు పట్టి ఉంచాడుగా."

అవి సున్నపు తేట. పగడాలు గట్టిపడతాయని భర్త సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా వదిలే నీళ్లు. కాస్త ఎక్కువైతే చాలు, పీహెచ్ చెట్టెక్కి కూర్చుంటుంది. ఇంతమంది ఆయాసపడి దించుతున్నదాన్ని అత్తగారు గ్లాసులతో ఎక్కిస్తోంది.

"మరి చెప్పలేదేంటి?"

"ఊపిరి వదలమన్నావు. మాట్లాడమన్లేదుగా."

కోడలు డబ్బా తీసుకెళ్లి బయట పెట్టింది. పిల్ల వచ్చేసరికి అంకె దిగింది, చేప అప్పుడే రాయి వెనకనించి గాజు దగ్గరికొస్తోంది.

"తమ్ముడు ఎందుకమ్మా దాక్కున్నాడు?"

"ఇంటి నిండా మనుషులొచ్చారు కదా, సిగ్గుపడ్డాడు."

కోడలు ఊపిరి పీల్చుకుంది. కుట్టుపనావిడ మిషను మోసుకుని ఇంటికెళ్లింది. మిగిలినవాళ్లు గది తలుపు దగ్గరికి వేసి అన్నాలకి లేచారు. ఆ సంబరంలో మాస్టారికి ఆపమని చెప్పడం ఎవరికీ గుర్తులేదు. మీరు అటువైపు వెళ్తే ఆ గది తలుపు తీసి ఆయన్ని ఒకసారి చూసి రండి.

చేప మాత్రం బాగానే ఉంది.