బచ్చప్ప బంధువులు

ఆ శనివారానికి బచ్చప్ప వేసుకున్న పథకంలో చావు లేదు. తొలి బస్సుకు రాయల్పాడు పోవాలి, నాయన పుట్టిన ఊళ్ళో తనవాళ్ళు ఎవరైనా మిగిలారేమో కనుక్కోవాలి, వాళ్ళలో ఒక్కరినైనా మర్నాడు కేజీఎఫ్‌లోని కోరమండల్ గ్రంథాలయానికి పిలుచుకు రావాలి. అంతే. ఉతికిన పంచె కట్టుకుని, చొక్కా జేబులో నాయన ఫోటో పెట్టుకుని, తెల్లవారకముందే ఇంటికి తాళం వేసి బయలుదేరాడు. ఫోను మాత్రం మంచం మీద మరిచిపోయాడు.

గ్రంథాలయంలో ఆదివారం వంశవృక్షాల పండగ. బంగారు గని పనికి తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో తెలియని మనవళ్ళు ఆ చుట్టుపక్కల కొల్లలు. వాళ్ళకోసం లైబ్రేరియన్ చంద్రిక పాత ఓటర్ల జాబితాలూ, బడి రికార్డుల నకళ్ళూ, ఊళ్ళవాళ్ళిచ్చిన ఫోటోలూ బల్లల మీద పరిచి, వంశవృక్షాలు గీయడానికి చార్టు కాగితాలు కూడా తెచ్చిపెట్టింది. మొట్టమొదట పేరిచ్చినవాడు బచ్చప్ప. గనిలో పైకప్పు కూలకుండా దూలాలు నిలబెట్టే పని చేసినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, గని కూలీలకు వరసగా కట్టిన పాత లైనింట్లో ఒక్కడే ఉంటాడు.

"నా చెట్టుకు కొమ్మల్లేవమ్మా. యాడన్నా ఒకటి కనిపిస్తే చాలు. నేను పోయినప్పుడు కొరివి పెట్టేదానికి ఒక చెయ్యి కావల్ల," అన్నాడాయన. ఆ మాట విన్న చంద్రిక, పండగ ఫ్లెక్సీ మీద ఈయన బొమ్మే వేయిస్తే చూసినవాళ్ళు ఎవరైనా వస్తారని ఆశపడింది.

ఆశ మంచిదే. ఫ్లెక్సీలు వేసే గిరీశ్‌కు ఆమె పంపింది ఒక ఫోటో, ఒక వాక్యం: "బచ్చప్పగారి బంధువులందరూ ఆదివారం ఉదయం పది గంటలకు గ్రంథాలయానికి తప్పక రావాలి." గిరీశ్ చేతికి తెలిసినవి రెండే రకాల ఫ్లెక్సీలు. కుర్రవాడి ఫోటో అయితే పుట్టినరోజు, ముసలాయన ఫోటో అయితే శ్రద్ధాంజలి. ఎనభై ఏళ్ళ మనిషి, పైగా బంధువులందరూ రావాలంటున్నారు. అతనికి అనుమానమే రాలేదు. మెడలో దండ, అటూ ఇటూ దీపాలు, పైన రెండు తెల్ల పావురాలు పెట్టాడు. పోయినాయన మంచివాడని విన్నాడు గనక రెండో పావురం తన తరఫున. బచ్చప్ప బస్సెక్కిన కాసేపటికే ఆ ఫ్లెక్సీ సర్కిల్లోకి ఎక్కింది.

పాలకు వెళ్ళిన హనుమక్క దాన్ని చూసి పాలు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బచ్చప్పది పక్కిల్లే. తలుపుకు తాళం. ఫోను చేస్తే ఇంట్లోనే మోగింది. అది విని ఆమె గడపలోనే కూలబడింది. బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె, తెల్లవారుజామున ఆయన గుండె పట్టుకుని నిలబడి ఉండగా చూశానంది. ఆయన పట్టుకున్నది జేబులోని ఫోటోను. అయినా పుట్టిన మాట ఊరుకుంటుందా? గుండెనొప్పి అన్నారు, బెంగుళూరు ఆసుపత్రి అన్నారు, దారిలోనే పోయాడన్నారు. నోరు మారేకొద్దీ శవాన్ని తెస్తున్న వ్యాను కేజీఎఫ్‌కు దగ్గర పడసాగింది.

అసలు తెలియవలసింది చంద్రికకు. ఆమె పదిగంటలప్పుడు సర్కిల్లో ఆటో దిగి ఫ్లెక్సీ చూసింది. అందులో తను రాసిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది. కానీ ఆ దీపాల ముందు బుర్ర పనిచేస్తేనా? ఎవరో గిరీశ్‌కు కబురు చెప్పి ఉంటారు, పాపం కుర్రాడు అప్పటికప్పుడు మార్చాడు అనుకుంది. ఒక్క రోజు ఆగి ఉంటే ఆయనకు ఎవరో ఒకరు దొరికేవాళ్ళు కదా అని గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

ఆయన ఇంటి సందు ఇరుకు కాబట్టి లైను మొదట్లో, కొళాయి పక్కనున్న ఖాళీ స్థలంలో షామియానా వేశారు. చావు డప్పులకు పలకలు కొట్టేవాళ్ళు వచ్చారు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఆకలి ఎక్కువని తెలిసిన పెద్దలు ఒక మూల పొయ్యి వెలిగించారు. ఆ తరువాత అసలు చిక్కు వచ్చింది. కొరివి ఎవరు పెట్టాలి?

బచ్చప్ప తనను చెల్లెలా అని పిలిచేవాడు గనక మేనల్లుడి హక్కు తన కొడుకుదని హనుమక్క అంది. గనిలో ఒకే షిఫ్టు చేసినవాళ్ళకంటే దగ్గరి చుట్టాలెవరని ఇద్దరు ముసలివాళ్ళు అడ్డం పడ్డారు. నిన్నటిదాకా ఆయనకు ఎవరూ లేరని జాలిపడినవాళ్ళే ఇవాళ వరసలు కలుపుకుని కొట్టుకునేదాకా వచ్చారు. మోటార్లు రిపేరు చేసే ఆంజినప్ప మాత్రం ఒక పక్కన నిలబడి అంతా విన్నాడు. అతను మామూలుగా నోరు విప్పే మనిషి కాదు.

"మా నాయన పోయినప్పుడు నన్ను భుజాన ఎత్తుకోని బడికి తీసకపోయింది ఆయన," అన్నాడు చివరికి. "ఇంగ నేను కాక ఇంకెవురు పెడతారప్పా?"

హక్కులడిగినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఆంజినప్ప వెళ్ళి స్టూలు మీద కూర్చుని, కొరివి పెట్టేవాడికి తప్పని గుండు కోసం బార్బరు మూర్తి ముందు తల వంచాడు.

ఈ లోపల రాయల్పాడులో బచ్చప్ప వీధి వీధీ తిరిగాడు. నాయన పేరు ఎవరికీ గుర్తు లేదు. నాయన చెప్పిన గుర్తుల ప్రకారం ఇల్లుండిన చోట ఇప్పుడు మామిడి తోట. దాని కాపలావాడు ఫోటో తిప్పి తిప్పి చూసి, తెలియదని చెప్పలేక మంచినీళ్ళూ ఒక సంచీడు కాయలూ ఇచ్చి పంపాడు. తిరుగు బస్సులో బచ్చప్పకు మొదటిసారి తన వయసు తెలిసింది. చంద్రికకు చెప్పి తన పేరు కొట్టేయించుకోవాలనుకున్నాడు.

దిగి, అడ్డదారిన లైనుకు వస్తుంటే పలకల మోత వినిపించింది. చావింటిని దాటి పోవడం లైన్లలో పద్ధతి కాదు. చెప్పులు విడిచి, ఎండకు తువ్వాలు తలమీద కప్పుకుని, జనం వెనకాల కూర్చున్నాడు. ముందు హనుమక్క శోకాలు పెడుతోంది: వానకు ఇల్లు కారితే పెంకులు సర్దిన అన్నా, నాకు జ్వరమొస్తే గంజి కాచి పంపిన అన్నా అని. నలభై ఏళ్ళు పక్కనే ఉండి ఈమెకొక అన్న ఉన్నాడని కూడా తెలుసుకోలేదే అని బచ్చప్ప సిగ్గుపడ్డాడు. అంత మంచివాణ్ణి బతికుండగా చూడలేకపోయానని కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఎంత పుణ్యం చేసుకున్న్యాడో," అన్నాడు పక్కవాడితో. "ఇంతమంది ఉండారు. నాకు ఎవురుండారు చెప్పు."

పక్కవాడి చూపు పొయ్యి మీద ఉంది. తలాడించాడు.

అప్పటికి మూర్తి కుడిపక్కంతా నున్నగా చేసి, ఎడమపక్కకు తిప్పడానికి ఆంజినప్ప గడ్డం పట్టి ఎత్తాడు. ఎత్తిన కళ్ళకు తువ్వాలు కింద ఏడుస్తున్న ముఖం కనబడింది. ఆంజినప్ప లేచి నిలబడ్డాడు. పలకలు ఒకటొకటిగా ఆగాయి. అందరికంటే ముందు తేరుకున్నది హనుమక్కే.

"సచ్చినోడివి ఒక పద్ధతిగా వ్యానులో రాకుండా, బస్సు దిగి వస్తావా అన్నా?" అని తిట్టి, ఆయన చేతులు పట్టుకుని గట్టిగా ఏడ్చింది.

పోయిందెవరో బచ్చప్పకు తెలియడానికి ఒకరు ఫోనులో ఫ్లెక్సీ ఫోటో చూపించవలసి వచ్చింది. దాన్ని చూశాడు, పావురాల్ని చూశాడు, తరువాత షామియానా కింద ఉన్న జనాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. వీళ్ళంతా తనకోసమే వచ్చారని అర్థమయ్యేసరికి, మళ్ళీ అక్కడే కూర్చుని, ఈసారి సంతోషం పట్టలేక ఏడ్చాడు. గిరీశ్‌ను పిలిపించి నాలుగు చీవాట్లు పెట్టారు గానీ వండిన అన్నం ముందు కోపం ఎంతసేపు నిలుస్తుంది? మామిడికాయలు కోసి ఉప్పుకారం చల్లి అందరూ అక్కడే తిన్నారు.

మూర్తికి మాత్రం పని సగంలో వదలడం అలవాటు లేదు. మిగిలింది కూడా తీసేస్తాను రమ్మన్నాడు. ఆంజినప్ప కదలలేదు.

"నాయన బతికుండాడు," అన్నాడు. "నాయన బతికుండంగా గుండు కొట్టించుకోకూడదు."

అన్నేళ్ళూ పెదనాయనా అని పిలిచిన నోరు అది. బచ్చప్ప అతన్నే చూస్తూ, రాయల్పాడులో ఇల్లిల్లూ అడిగినా దొరకనిది ఇదే కదా అనుకున్నాడు.

మర్నాడు గ్రంథాలయంలో బచ్చప్ప చెట్టుకు ఒక చార్టు చాలక మూడు అతికించారు. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మేనల్లుళ్ళు తోసుకుంటూ నిలబడ్డారు. రక్తసంబంధం ఎవరిదని చంద్రిక ఎవరినీ అడగలేదు. కొడుకు అన్నచోట, తలకు తువ్వాలు బిగించుకుని వచ్చిన ఆంజినప్ప పేరు రాసింది.

ఆ తలకు దారి చూపింది హనుమక్క. దేవుడికి ఇచ్చే జుట్టుకు చావుతో పని లేదు, తిరపతికి పోయి మొక్కుగా ఇచ్చి రండి అని తండ్రినీ కొడుకునూ బస్సెక్కించింది. కల్యాణకట్టలో క్షురకుడు ఆంజినప్ప తువ్వాలు విప్పి చూసి, మిగతా సగం ఏ దేవుడికి ఇచ్చారని అడిగాడట.